గీత చుట్టూ నీడ: దోషపరిధితో రేఖాచిత్రాలు

"పెళ్ళికి ఎంతమంది వచ్చారు?" అని అడిగితే మనవాళ్ళెవరూ "నూట ఇరవై ఏడుగురు" అని చెప్పరు. "నూటపాతిక, నూటముప్ఫై మంది వచ్చి ఉంటారు" అంటారు. ఐదారు, పదీపదిహేను, ఇరవై ముప్ఫై అంటూ రెండు అంకెలను జంటగా పలికి, అసలు సంఖ్య ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉందని సూచించడం మన భాషలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతే. హోసూరులోనైనా, షోలాపురంలోనైనా, బరంపురంలోనైనా ఇంట్లో తెలుగు మాట్లాడే వారందరికీ ఇది అలవాటే. విచిత్రమేమంటే ఇదే మనిషి పరిశోధన వ్యాసం రాయడానికి కూర్చుంటే 2.0 అని ఒక్క అంకె వేసి, దాని పక్కన మరో అంకె వేసి, రెండింటినీ ఒక సన్నని గీతతో కలిపేసి ఊరుకుంటాడు. నోటికున్న జాగ్రత్త కలానికి లేకుండా పోతుంది.

ఇటీవల నా దగ్గరికి వచ్చిన ఒక చిత్తు అధ్యాయంలో ఇలాంటి గీతే ఉంది. రాష్ట్రం బయట తరాలుగా స్థిరపడిన ఒక తెలుగు సముదాయంలో హ్రస్వ దీర్ఘాల నిడివిని కొలిచిన చిత్రం అది. 'వడ', 'వాడ' వంటి జంటలను పలికించి, దీర్ఘాచ్చు హ్రస్వానికి ఎన్ని రెట్లుందో లెక్కకట్టారు. ముసలివారి దగ్గర ఎత్తుగా మొదలైన గీత కుర్రవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కిందికి దిగింది. దాని కింద ఒక వాక్యం: "ఈ సముదాయంలో అచ్చుల దీర్ఘత నశిస్తున్నది." పలికినవారు వయోవర్గానికి ఐదుగురు. ఐదుగురి గొంతులను పట్టుకుని ఒక సముదాయం భాష నశిస్తున్నదని తీర్పు చెప్పడం చిన్న విషయం కాదు. అలాంటి వాక్యాన్ని తరువాతివారు ఎత్తి రాసుకుంటారు. కొన్నాళ్ళకు ఆ ఊరివాళ్ళే "మా తెలుగు చెడిపోయిందట" అనుకుంటారు. కాబట్టి గీతతోబాటు దాని అటూఇటూ ఎంతో కూడా చూపించడం ఎలాగో వివరంగా చెప్పుకోవడం అవసరం.

ముందుగా పరిభాష. సగటు అన్న మాట కొత్తగా ఉన్నవారు సరాసరి అనుకోండి. కన్నడ, తమిళ, మరాఠీ మాధ్యమాల్లో చదివిన వారికి ఆ మాటే పరిచయం. ఒక్కొక్క విలువ సగటుకు ఎంత దూరంలో చెదిరి ఉందో చెప్పేది ప్రామాణిక విచలనం; కొన్ని పాఠ్యపుస్తకాల్లో దీనినే క్రమవిచలనం అంటారు. మనం లెక్కగట్టిన సగటు ఎంతవరకు నమ్మదగినదో చెప్పేది ప్రామాణిక దోషం. ఇక్కడ దోషమంటే తప్పు చేశామని కాదు. మరో ఐదుగురిని పలికించి ఉంటే సగటు కొంత మారేది. ఆ మార్పు ఏపాటిదన్న అంచనాయే అది. ఈ అంచనాలకు ఒక కింది హద్దు ఉంటుందని, ఎంత తెలివైన పద్ధతి వాడినా ఆ హద్దును దాటి తగ్గించలేమని 1945లో చూపించినవారిలో ఒకరు సి.ఆర్. రావు. ఆయన 1920లో పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో, తెలుగు కుటుంబంలో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివారు. మన పత్రిక పాఠకులు ఈ సంగతి తెలుసుకుంటే సంతోషిస్తారని ఇక్కడ ప్రస్తావించాను.

ఇప్పుడు లెక్క. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి నేను కల్పించినవే. ఏ సముదాయానివీ కావు. కుర్రకారులో ఐదుగురి దీర్ఘ, హ్రస్వ నిష్పత్తులు 1.8, 2.0, 2.1, 2.3, 1.8 అనుకుందాం. సగటు 2.0. ఒక్కొక్కరి తేడాను వర్గం చేసి కూడితే 0.18. దాన్ని ఐదుతో కాక నాలుగుతో భాగించాలి, ఎందుకంటే సగటును కూడా ఈ ఐదు అంకెల నుంచే తీసుకున్నాం. 0.045 వస్తుంది, దాని వర్గమూలం 0.21 ప్రామాణిక విచలనం. దాన్ని ఐదు వర్గమూలంతో భాగిస్తే 0.095 ప్రామాణిక దోషం. పెద్దవారి నిష్పత్తులు 2.1, 2.2, 2.4, 2.0, 2.3 అయితే సగటు 2.2, విచలనం 0.16, దోషం 0.07.

మామూలుగా పత్రికల్లో కనిపించేది 95 శాతం విశ్వాస అంతరం. 1937లో నెయ్మన్ ప్రతిపాదించిన ఈ భావన అర్థం ఏమిటంటే, ఇదే పద్ధతిలో పదేపదే నమూనాలు తీసి అంతరాలు గీస్తూ పోతే నూటికి దాదాపు తొంభై అయిదు అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయి. నమూనా పెద్దదైతే దోషాన్ని 1.96తో హెచ్చవేస్తే చాలు. ఐదుగురే ఉన్నప్పుడు అది చాలదు. గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేస్తూ గాసెట్ 1908లో స్టూడెంట్ అన్న మారుపేరుతో ప్రకటించిన వ్యాసం చిన్న నమూనాల సంగతే. ఆ పట్టిక ప్రకారం ఐదు విలువలకు గుణకం 2.776. అప్పుడు కుర్రకారు అంతరం 1.74 నుంచి 2.26 దాకా, పెద్దవారిది 2.00 నుంచి 2.40 దాకా వస్తుంది. అంత ధాటిగా దిగిన గీత ఇప్పుడు కాస్త తడబడుతున్నది కదా.

గీయడానికి పైథాన్ భాషలో ఎక్కువమంది వాడేది మ్యాట్‌ప్లాట్‌లిబ్. నాడీశాస్త్ర పరిశోధకుడైన జాన్ హంటర్ తన అవసరం కోసం రాసుకుని 2003లో అందరికీ ఉచితంగా ఇచ్చిన గ్రంథాలయం ఇది. ఆజ్ఞల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను; యంత్రంలో మాత్రం వాటిని ఆంగ్లంలో చిన్న అక్షరాలతో కొట్టాలి.

దోషపరిధిని చూపడానికి ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి 'ఎర్రర్‌బార్': ప్రతి బిందువు దగ్గరా పైకీ కిందికీ ఒక పుల్ల నిలబెడుతుంది. దీనికి అడ్డం విలువలు, నిలువు విలువలు, ఆపైన 'వై-ఎర్' అన్న పేరుతో పుల్ల పొడవు ఇవ్వాలి. పుల్ల కొసన అడ్డగీత కావాలంటే 'క్యాప్‌సైజ్' అని చెప్పి కొలత ఇవ్వాలి. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఆ అడ్డగీత అడగనిదే రాదు. రెండోది 'ఫిల్', 'బిట్వీన్' అన్న మాటల మధ్య అడుగుగీత పెట్టి రాసే ఆజ్ఞ: గీత చుట్టూ నీడలాంటి పట్టీని పరుస్తుంది. 'ఆల్ఫా' విలువ 0.2 ఇస్తే నీడ పలచబడి గీత స్పష్టంగా కనిపిస్తుంది.

కొత్తవారు తడబడేది సరిగ్గా ఈ రెండింటి మధ్యే. ఎర్రర్‌బార్ అడిగేది దూరం. అంటే 2.0 నుంచి అటు 0.26, ఇటు 0.26. నీడ పరిచే ఆజ్ఞ అడిగేది హద్దులు. అంటే 1.74, 2.26. ఎర్రర్‌బార్‌కు పొరపాటున హద్దులిస్తే పుల్లలు తాటిచెట్లలా లేస్తాయి. అది కంటికి దొరుకుతుంది. నీడకు దూరాలిస్తే పట్టీ గీతను వదిలేసి ఎక్కడో అడుగున పడుతుంది, అదీ దొరుకుతుంది. పైకి ఒక కొలత, కిందికి ఒక కొలత ఉన్నప్పుడు ఎర్రర్‌బార్‌కు రెండు వరుసల పట్టిక ఇవ్వాలి. మొదటి వరుస కిందికి, రెండోది పైకి. రెండూ ధనసంఖ్యలే కావాలి. కిందికి కదా అని రుణచిహ్నం పెడితే యంత్రం ఒప్పుకోదు.

కంటికి దొరకని పొరపాటు వేరే ఉంది. నమ్‌పైలో 'ఎస్‌టీడీ' అని అడిగితే అది వర్గాల మొత్తాన్ని ఐదుతోనే భాగిస్తుంది. నాలుగుతో భాగించమని 'డీడీఓఎఫ్' అన్న చోట 1 వేసి మనం చెప్పాలి. పాండాస్‌లో అదే పేరున్న ఆజ్ఞ మనం చెప్పకుండానే నాలుగుతో భాగిస్తుంది. మన కుర్రకారు అంకెలకు మొదటిది 0.19, రెండోది 0.21 ఇస్తుంది. ఒకే పేరు, రెండు జవాబులు. వేల విలువలున్న భౌతికశాస్త్రంలో ఈ తేడా పట్టించుకోనక్కరలేదు గాని, ఐదుగురితో పనిచేసే మనకు పదో వంతు నీడ తరిగిపోతుంది.

ఇంత చేతిపని ఎందుకు, సీబార్న్‌లో 'లైన్‌ప్లాట్' అంటే గీత, నీడ రెండూ అదే వేసేస్తుంది కదా అని మీరడగవచ్చు. వేస్తుంది. నాకు భయం కూడా అక్కడే. ఒకే వయసు కింద పలు వరుసలు కనిపిస్తే అది సగటు తీసి, బూట్‌స్ట్రాప్ పద్ధతిలో 95 శాతం అంతరం కడుతుంది. బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో ప్రవేశపెట్టిన పద్ధతి అది. ఐదు చీటీలు కుండలో వేసి, ఒకటి తీసి చూసి మళ్ళీ కుండలోనే వేస్తూ ఐదుసార్లు తీసి సగటు రాసుకోవాలి, ఇలా వెయ్యిసార్లు. ఆ వెయ్యి సగటుల్లో అటు రెండున్నర శాతం, ఇటు రెండున్నర శాతం వదిలేస్తే మిగిలినదే అంతరం. చాలా అందమైన ఆలోచన. కాని కుండలో ఐదే చీటీలుంటే నీడ ఇరుకుగా వస్తుంది: మన లెక్కలో 0.26 రావలసిన చోట దాదాపు 0.17 మాత్రమే.

అంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఐదుగురూ తలా నలభై మాటలు పలికారనుకోండి. ఫైలులో రెండువందల వరుసలుంటాయి. సీబార్న్ దృష్టిలో అవి రెండువందల చీటీలు. ఒకే మనిషి నలభైసార్లు పలికితే నలభై మంది పలికినట్టు కాదన్న సంగతి దానికి ఎలా తెలుస్తుంది? నీడ తీగలా సన్నబడుతుంది, మనకేమో ధైర్యం వస్తుంది. నేను చూసిన చిత్తులో గీత కింద నీడ అసలు లేదు. మొదటి దిద్దుబాటులో వేసుకొచ్చిన నీడ సరిగ్గా ఇలాంటిది. కనుక ముందు పాండాస్‌లో 'గ్రూప్‌బై'తో వక్త పేరు, వయోవర్గం చొప్పున సగటు తీసి, మనిషికి ఒక్క వరుస మిగిలాక చిత్రం గీయండి. లేదా 'ఎస్టిమేటర్'ను 'నన్' చేసి, 'యూనిట్స్' దగ్గర వక్త పేరున్న నిలువు వరుసను చూపండి. పదాలవారీగానో, సందర్భాలవారీగానో ఒకే మనిషి విలువలు ఉన్నప్పుడు తలకొక గీత వస్తుంది. ఐదుగురే అయినప్పుడు నీడ కంటె ఈ ఐదు గీతలే నిజం చెబుతాయని నా అభిప్రాయం.

2022లో వచ్చిన 0.12 వెర్షన్ నుంచి సీబార్న్‌లో పాత 'సీఐ' మాట బదులు 'ఎర్రర్‌బార్' అన్న మాట వాడాలి. దానికి విచలనం కావాలంటే 'ఎస్‌డీ', ప్రామాణిక దోషం కావాలంటే 'ఎస్‌ఈ' అని చెప్పవచ్చు. ఏది వేశారో చిత్రం కింద రాయండి. నీడ చూసి అది విచలనమో, దోషమో, విశ్వాస అంతరమో ఎవరూ కనిపెట్టలేరు. మన ఉదాహరణలో ఇవి వరుసగా 0.21, 0.095, 0.26. వక్తలెందరో కూడా అక్కడే రాయాలి.

రెండు నీడలు ఒకదానిమీదొకటి పడ్డాయి కాబట్టి తేడా లేదని తేల్చేయడం ఇంకో తొందరపాటు. విశ్వాస అంతరాలు కొంత కలిసినా తేడా నిజమే కావచ్చు. తేడాకే విడిగా అంతరం కట్టాలి. మన లెక్కలో తేడా 0.2, దాని అంతరం -0.07 నుంచి 0.47 దాకా. సున్నా అందులోనే ఉంది. దీర్ఘత తగ్గిందనడానికి ఆధారం చాలదు, తగ్గలేదనడానికీ చాలదు.

అడ్డంగా వయసు ఉన్నప్పుడే బిందువులను గీతతో కలపండి. హోసూరు, షోలాపురం, బరంపురం, యానాం అని ఊళ్ళు పేర్చినప్పుడు వాటి మధ్య గీతకు అర్థం లేదు, పుల్లలు చాలు.

చివరిగా తెలుగు అక్షరాల సంగతి. చిత్రం మీద 'నిష్పత్తి' అని రాయబోతే గళ్ళు కనిపిస్తాయి, ఎందుకంటే మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంత తాను తీసుకునే డెజావు సాన్స్ ఖతిలో తెలుగు లేదు. తెలుగు ఖతి పేరు చెబితే అక్షరాలు వస్తాయి గాని, పాత వెర్షన్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి పడతాయి. అప్పుడు చిత్రాన్ని ఎస్‌వీజీగా దాచుతూ, 'ఎస్‌వీజీ-ఫాంట్‌టైప్' అన్న అమరికకు 'నన్' అని ఇవ్వండి. అక్షరాలు బొమ్మలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి. తెలుగు ఖతి ఉన్న యంత్రంలో బ్రౌజరు తెరిచి చూస్తే 'ష్ప', 'త్తి' సరిగ్గా కూర్చుంటాయి.

నేను చెప్పిన అధ్యాయం మూడోసారి వచ్చినప్పుడు చిత్రంలో వయోవర్గానికి ఐదు బిందువులు, వెడల్పాటి నీడ ఉన్నాయి. కింద వాక్యం ఇలా మారింది: "ఐదుగురేసి వక్తల నమూనాలో తరాల మధ్య తేడా తేలలేదు. ఇంకా పలికించవలసి ఉన్నది." ఆ విద్యార్థి వచ్చే వేసవిలో మళ్ళీ ఆ ఊరు వెళుతున్నారు.