జాలిచూపు - వింతచూపు

వికలాంగుడు ఆటస్థలమున అడుగిడగనే చూపరుల నోట సాధారణముగా రెండు మాటలే వెలువడును. "అయ్యో పాపము" అనునది యొకటి. "ఆహా, అద్భుతము" అనునది మరియొకటి. పరస్పర విరుద్ధములుగా తోచు ఈ రెండింటికిని మూలమొక్కటియే: చూపు ఆటమీద గాక అవయవముమీద నిలుచుట.

1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో, వెన్నెముక దెబ్బతిన్న సైనికులకై డాక్టరు లుడ్విగ్ గుట్‌మన్ ప్రత్యేక చికిత్సా విభాగమును ఆరంభించెను. అట్టి రోగులు ఎంతోకాలము బ్రదుకరని నాటి వైద్యులలో పలువురి అభిప్రాయము. పడకపుండ్లును, మూత్రకోశ వ్యాధులును వారిని బలిగొనుచుండెను. గుట్‌మన్ ఆటలనుగూడ చికిత్సలో చేర్చెను. 1948 జూలై 29వ తేదీన, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన నాడే, ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. విల్లే ఏల? విల్లెక్కుపెట్టుటకు వలసినవి భుజబలము, నిలుకడగల చూపు. కాళ్ల పని స్వల్పము. కూర్చున్నవాడు నిలుచున్నవానితో సరిసమానముగా తలపడవచ్చును.

ఈ సమానత్వము లోకమునకు అంత సులభముగా మింగుడుపడలేదు. న్యూజీలాండు వనిత నీరోలి ఫెయిర్‌హాల్ మోటారు సైకిలు ప్రమాదములో కాళ్లు పడిపోయిన పిమ్మటనే విల్లు చేపట్టెను. 1982లో బ్రిస్బేన్ కామన్వెల్తు క్రీడలలో, నిలుచుండి బాణములు వేయువారిని ఓడించి స్వర్ణపతకము గెలిచెను. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలోను పాల్గొనెను. కూర్చుండి వేయుట ఆమెకు అదనపు లాభము కాదా యను ప్రశ్న అంతట బయలుదేరెను. ఓడినచో జాలి, గెలిచినచో అనుమానము!

మన దేశపు శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. కుడికాలితో విల్లు నెత్తిపట్టి, భుజముతో నారిని లాగి, దవడ బలముతో బాణమును విడుచును. 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో ఆమె చిత్రమును చూడనివారు అరుదు. అయితే అర్హతా పోటీలో ఆమె సాధించిన పాయింట్లెన్నియని అడిగిన చెప్పగలవారెందరు? 72 బాణములకు, 720కి 703. అది పాత ప్రపంచ రికార్డును మించినది. కాని అదే పోటీలో టర్కీ వనిత ఓజ్నూర్ క్యూరే 704 సాధించెను. మిశ్రమ జట్టు పోటీలో శీతల్‌తో కలిసి కాంస్యపతకము గెలిచిన రాకేశ్ కుమార్ పేరు ఎందరికి జ్ఞాపకమున్నదో! ఆయన చక్రాల కుర్చీనుండి బాణములు వేయును. ఆ దృశ్యము చూపరులకు అంత వింతగా తోచలేదు కాబోలు.

వ్యక్తిగత పోటీలో శీతల్ చిలీ దేశీయురాలు మరియానా జూనిగా చేతిలో 137-138 తేడాతో ఓడెను. ఒక్క పాయింటు.