మీకు తెలుసా? దేశమంతటికీ ఒకే అడ్రసు!

గల్ఫ్‌కు ఉత్తరాలు రాసిన ఇళ్లలో ఈ సంగతి అందరికీ గుర్తే. నిజామాబాద్‌లోనో కోనసీమలోనో డబ్బాలో వేసిన కవరు దోహాలో మనవాడి గదికి వెళ్లేది కాదు, కంపెనీ పోస్ట్ బాక్సుకు చేరేది. వందల మందికి ఒకటే బాక్సు నంబరు. ఇంటర్నెట్‌లో ఖతార్ దేశం మొత్తం కూడా ఒకప్పుడు ఇంచుమించు అలాగే ఉండేది!

అప్పట్లో అక్కడ నెట్ ఇచ్చే సంస్థ ఒక్కటే: క్యూటెల్. 2013లో అదే పేరు మార్చుకుని ఊరెడూ అయింది. దేశంలో ఎవరు ఏ వెబ్ పేజీ అడిగినా ఆ సంస్థ ప్రాక్సీ సర్వర్ మీదుగానే పోవాలి. ఒకరు చూసిన పేజీకి అది నకలు దాచి, తర్వాత అడిగినవారికి ఆ నకలే ఇచ్చేది. నెట్ నత్తనడక నడిచే రోజుల్లో విదేశీ లైన్ల మీద భారం అలా తగ్గేది. కూడని సైట్లను ఆపే కాపలా కూడా అక్కడే. అయితే బయటి సైట్లకు కనిపించేది మాత్రం ఆ సర్వర్ నంబరే: 82.148.97.69.

2006 ముగిసి 2007 మొదలయ్యే వేళ చిక్కొచ్చి పడింది. ఆ నంబరు నుంచి పదేపదే పిచ్చి రాతలు పడుతున్నాయని ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడొకరు దాన్ని నిరోధించారు. నంబరు వెనక దేశానికి దేశమే ఉంది! ‘ఖతార్‌పై వికీపీడియా నిషేధం’ అంటూ వార్తలు గుప్పుమన్నాయి. అలాంటిదేమీ లేదని వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నిజానికి చదవడానికి ఏ అడ్డూ లేదు, ఆగింది దిద్దుబాట్లే. 12 గంటలు తిరక్కుండానే నిరోధం ఎత్తేశారు, ఖాతా లేకుండా రాసేవారికి మాత్రం ఆంక్ష మిగిలింది.

ఇంకో విశేషం. ఏ భాష వికీపీడియా నిరోధం ఆ భాషకే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు ఈ గొడవతో సంబంధం లేదు. దోహాలో ఉన్న తెలుగువాడు ఆ రాత్రి ఇంగ్లీషులో అక్షరం దిద్దలేకపోయినా, అదే నంబరు నుంచి తెలుగులో నిక్షేపంగా రాసుకోవచ్చు!

ఈ చిక్కుకు మందు కూడా ఉత్తరాల పద్ధతే. బాక్సు నంబరుతో పాటు కవరు మీద మనిషి పేరూ రాసినట్టు, ప్రాక్సీ తాను పంపే ప్రతి అభ్యర్థనకూ అసలు అడిగినవారి నంబరు జతచేయాలి. దీని పేరు ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’. ఇలా నంబరు జతచేసి పంపండని వికీపీడియా వాలంటీర్లు నెట్ సంస్థలను కోరుతూ వచ్చారు.

ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌లోకి మారాయి. అంటే కవరుకు సీలు పడింది. దారిలో విప్పి నకలు దాచుకునే వీలు లేక, ఆ పాత ప్రాక్సీలకు కాలం చెల్లింది.