మందు చల్లువారికి కవచ వస్త్రము

పల్నాటి సీమలో ప్రత్తి, మిరప పండించు రైతునకు పురుగుమందు చల్లుట తప్పని పని. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో ఆ పని యెట్లు జరుగుచున్నదో సభ్యు లెరుగనిది కాదు. వీపున పంపు మోసికొని, పాత చొక్కాతో, నోటికి తువాలు చుట్టుకొని చాళ్లలో నడచుచుందుము. పంపు కారినచో వీపు తడియును. మొక్కలు రాచుకొని మోకాళ్లు తడియును. ఆ గుడ్డ సాయంకాలము వరకు ఒంటి మీదనే యుండును. నూలుగుడ్డ నీటిని పీల్చినట్లే మందును పీల్చి చర్మమునకు అంటించును. కనుక మనలను కాపాడునని తలచిన గుడ్డయే విషమును ఒంటికి చేర్చుచున్నది.

విషము పనిచేయు విధము

నరములు కండరములకు ఆజ్ఞ నందించుటకై అసిటైల్ కోలిన్ అను పదార్థమును విడుచును. పని ముగిసిన వెంటనే దానిని విరిచివేయు ఎంజైము శరీరములో కలదు. ఎసిఫేటు, ప్రొఫెనోఫాస్ మొదలగు ఆర్గనోఫాస్ఫేటు జాతి మందులు ఆ ఎంజైమును బంధించును. అప్పుడు ఆజ్ఞ ఆగక సాగుచుండును. తలనొప్పి, వాంతి, చెమట, చొంగ, చూపు మసకబారుట, కండరముల వణకు కలుగును. విషము మించినచో ఊపిరి నిలిచి ప్రాణమే పోవును.

నూలునకు కొత్త గుణము

గుడ్డకు రసాయనముతో కొత్త గుణము నిచ్చుట మనవారికి కొత్త కాదు. పెడన కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ రసములో నానబెట్టి, పటిక పట్టించి, రంగు నిలుచునట్లు చేయుచున్నారు. ఇప్పుడు వెండి పట్టించి సూక్ష్మజీవులు పెరుగకుండ చేసిన వస్త్రములును, నీరంటని పూత గల వస్త్రములును దొరకుచున్నవి. అయితే సూక్ష్మజీవుల నాపు గుడ్డ పురుగుమందు నాపునని తలపరాదు. ప్లాస్టిక్ ఉడుపు మందు నాపినను మన యెండలో దానిని తొడిగి నిలువలేము.

బెంగుళూరులోని ఇన్‌స్టెమ్ అను ప్రభుత్వ పరిశోధన సంస్థలో డాక్టరు వేముల ప్రవీణ్ కుమార్ గారి బృందము వేరొక మార్గము త్రొక్కినది. ఆర్గనోఫాస్ఫేటు విషము సోకినవారికి వైద్యులు సూదితో ఇచ్చు విరుగుడు ప్రాలిడాక్సిమ్. ఆ జాతి పదార్థమునే వారు నూలుపోగులకు రసాయన బంధముతో కట్టిరి. ఇది పైపూత వంటిది కాదు. పోగుతో ఏకమైనందున ఉతుకులకు నిలుచును. మందు తుంపర గుడ్డపై పడగానే దాని అణువు విరిగి, చర్మమును చేరక మునుపే నిర్వీర్యమగును. ఎలుకలపై జరిపిన పరీక్షలలో ఈ గుడ్డ ప్రాణహానిని తప్పించినట్లు 2024లో ప్రకటించిరి.

సెపియో హెల్త్ అను సంస్థతో కలసి సిద్ధపరచిన ఈ ఉడుపు “కిసాన్ కవచ్” అను పేర 2024 డిసెంబరు 17న ఢిల్లీలో విడుదలైనది. వెల సుమారు 4,000 రూపాయలనియు, 150 మార్ల వరకు ఉతికి వాడవచ్చుననియు అప్పుడు తెలిపిరి.

సంఘము చేయదగినది

ఆ వెల కౌలురైతునకును, కూలికి మందు చల్లువానికిని బరువే. కాని 150 మార్లకు పంచి చూచిన ఒక్క మారునకు 27 రూపాయలకు మించదు. ఒక రైతు ఏడాదిలో మందు చల్లు దినములు కొన్నియే గనుక, ఎరువులు, విత్తనములు కలసి కొనునట్లే సంఘము కొన్ని ఉడుపులను కొని, స్వల్ప రుసుముపై సభ్యులకు అద్దె కిచ్చుట మేలు. ఒకరు వాడినది ఉతుకక మరియొకరి కీయరాదు.

మరువరాని జాగ్రత్తలు

ఈ గుడ్డ ముఖ్యముగా ఆర్గనోఫాస్ఫేటు జాతి నుద్దేశించి చేసినది. అన్ని మందులను ఇట్లే విరుచునని నమ్మరాదు. డబ్బాపై నున్న పేరును చదివి, లేదా చదివించుకొని తెలిసికొనవలయును. చేతులకు తొడుగులు, కన్నులకు అద్దములు తప్పవు. గాలి కెదురుగా చల్లరాదు. పని నడుమ చుట్ట, బీడీ, తిండి ముట్టరాదు. పని ముగియగనే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను ఇంటి బట్టలతో కలుపక వేరుగా ఉతుకవలయును. పైన చెప్పిన లక్షణములు కనిపించినచో తడిసిన బట్టలు విప్పి, ఒడలు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలయును.

పైరును కాపాడుటకు మందుపై ఏటేట ఎంత వెచ్చించుచున్నామో ప్రతి సభ్యునికి తెలియును. ఆ మందు చల్లు మనిషిని కాపాడుటకును కొంత వెచ్చింపవలయును. ఈ విషయమును రాబోవు మహాజన సభలో చర్చించి నిర్ణయింప ప్రార్థన.