తూము తెరిచినంత మాత్రాన నీళ్లు రావు

మెమరీ అనుమతుల లెక్క గోదావరి డెల్టా రైతుకి కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచీ చూస్తూనే ఉన్నాడు. హెడ్ స్లూయిస్, కాలువ, పంట బోదె, చివర్న పొలం తూము. వీటిలో ఏ ఒక్కటి మూసున్నా చేలోకి చుక్క రాదు.

కంప్యూటర్లోనూ అంతే. ప్రోగ్రామ్ అడిగిన చిరునామా నుంచి అసలు మెమరీకి చేరాలంటే నాలుగైదు అంచెల పేజీ టేబుళ్లు దాటాలి. రాయొచ్చా, మామూలు ప్రోగ్రామ్ ముట్టుకోవచ్చా అని ప్రతి అంచెలోనూ ఒక అనుమతి ఉంటుంది. అన్నిచోట్లా అవునంటేనే అవును. ఒక గేటు మూసున్నా రాత్రిపూట నీళ్లు పెట్టుకునే మహానుభావులు మన కాలువల మీదా ఉన్నారు. ఇక్కడ వాళ్లని ‘ఎటాకర్’ అంటారు.

చిక్కు వర్చువల్ మెషీన్‌తో వచ్చింది. లోపలి గెస్ట్ సిస్టమ్ యంత్రమంతా తనదేననుకుని టేబుళ్లు రాసుకుంటుంది, పాపం. వర్చువల్ మెషీన్లని నడిపే కేవీఎం 2007లో లినక్స్‌లో చేరింది. గెస్ట్ టేబుళ్ల పనికి హార్డ్‌వేర్ సాయం లేనిచోట అది ఆ టేబుళ్లకి తనవైన నకళ్లు తయారుచేస్తుంది. వీటిని షాడో టేబుళ్లంటారు. ఈ నకళ్లలో మధ్య గేట్లన్నీ బార్లా తెరిచే ఉంటాయి. ఆంక్షలన్నీ కలిపి చివరి తూము దగ్గర పెడతారు. పని తగ్గించుకోడానికి, గెస్ట్‌లోని అదే టేబుల్ అవే అనుమతులతో మళ్లీ తగిలితే పాత నకలే వాడతారు.

తప్పు ఈ ‘అవే అనుమతులు’ అన్న దగ్గరే దొర్లింది. ఒకే బోదెకి రెండు కాలువలు కలిశాయనుకోండి. ఒకదానికి వంతు ఉంది, రెండోదానికి లేదు. కాబట్టి ఏ కాలువ నుంచి వచ్చామో గుర్తుంచుకోవాలి. కేవీఎం మాత్రం చివరి మధ్య అంచె దగ్గర తేలిన అనుమతినే పైఅంచెలన్నిటికీ రాసేసింది. దాంతో వేరువేరుగా ఉండాల్సిన దారులు ఒకే నకలు పంచుకున్నాయి. గెస్ట్‌లో అనుమతి లేదని ఆపే ఫాల్ట్ రావాల్సిన చోట రాలేదు. భద్రతా లోపాల జాబితాలో దీని నంబరు సీవీఈ-2021-38198, లినక్స్ 5.12.11లో దిద్దారు. దిద్దుబాటు చిన్నదే: ఏ అంచె దాకా వచ్చామో ఆ అంచె దాకా పోగైన అనుమతిని విడిగా దాచుకోవడం.

ఇలాంటి తప్పు వరుస వరుసగా చదివితే పట్టుబడదు. ఏ వరుసకావరుస సక్రమంగానే కనిపిస్తుంది. అనుమతి పేజీది కాదు, అక్కడికి వచ్చిన దారిది. అందుకే ఇలాంటి కోడ్‌ని మార్చే ప్యాచ్ సమీక్షకి మీ చేతికొస్తే, రెండు దారులు ఒకే టేబుల్లో కలిసే టెస్ట్ ఉందా అని ముందు అడగండి. లేకపోతే వెనక్కి పంపండి.