తేనీటి మరకల తొలగింపు

తేనీటి మరక అనగా తేనీరు ఒలికిన బట్టపై గాని, తరచుగా తేనీరు పోసే పాత్ర లోపలి అంచున గాని ఏర్పడే గోధుమరంగు చారిక. ఇది మట్టి మరక వంటి పైపూత కాదు, ఒక విధమైన అద్దకం. అందుచేత దీనిని బలంగా రుద్దడం కంటె, రంగు నారకు అంటుకొనే తీరును తెలుసుకొని విడదీయడం మేలు.

మరక స్వభావం

తేయాకులో టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఆకును నలిపి గాలికి ఉంచినప్పుడు వీటిలో కొన్ని ఆక్సీకరణం చెంది థియాఫ్లావిన్లు, థియారుబిజిన్లుగా మారతాయి. తేనీటికి ఎరుపు, గోధుమ వర్ణాలు వీటివల్లనే కలుగుతాయి. ఇవి నూలు బట్టలోని సెల్యులోజుకు, పట్టు, ఉన్నిలలోని మాంసకృత్తులకు అంటుకొంటాయి. మరక పాతబడిన కొద్దీ గాలి తగిలి మరింత ముదురుతుంది. తెలుగునాట తేనీటిలో పాలు కలపడం వాడుక కనుక మరకలో పాల మాంసకృత్తులు, కొవ్వు కూడా చేరుతాయి.

తేనీటి రంగు ఆమ్ల, క్షారాలను బట్టి మారుతుంది. పాలు కలపని తేనీటిని రెండు గ్లాసులలో పోసి, ఒకదానిలో నిమ్మరసం, రెండవదానిలో వంటసోడా కలిపితే మొదటిది లేతబడుతుంది, రెండవది నల్లబడుతుంది. క్షారగుణం గల బట్టల సబ్బును తేనీటి మరకపై నేరుగా రుద్దితే మరక ముదరడానికి కారణం ఇదే.

అద్దకంతో సంబంధం

టానిన్లతో బట్టకు రంగు పట్టించడం తెలుగువారికి పూర్వం నుండి తెలిసిన విద్య. శ్రీకాళహస్తి కలంకారీలో నూలుబట్టను ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. తరువాత బెల్లపునీటిలో తుప్పు ఇనుమును నానబెట్టి చేసిన కసిమితో గీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి చెరగని నలుపుగా మారతాయి.

తేనీటి టానిన్లు కూడా ఇనుముతో కలిసినప్పుడు ఇట్లే నల్లబడతాయి. కాబట్టి మరకపడిన బట్టను తుప్పుపట్టిన బకెట్టులో నానబెట్టరాదు. అద్దకంలో రంగును నిలిపే పటికను కూడా మరకపై వాడరాదు.

కుంకుడుకాయ

తూర్పు కనుమలలోని అడ్డతీగల, రాజవొమ్మంగి, మారేడుమిల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాలలో కొండరెడ్లు, కోయదొరలు తదితర గిరిజనులు అటవీ ఫలసాయాన్ని సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే ఇటువంటి సరుకులలో మరకను నిలిపే కరక్కాయ ఉన్నది, మరకను వదిలించే కుంకుడుకాయ కూడా ఉన్నది. కుంకుడుకాయ గుజ్జులోని సపోనిన్లు నురగనిచ్చి కొవ్వును విడదీస్తాయి. దీని రసానికి సబ్బు వలె క్షారగుణం కాక స్వల్ప ఆమ్లగుణం ఉండడం వలన, పాలు కలిసిన తేనీటి మరకకు, ముఖ్యంగా పట్టుబట్టలకు, ఇది అనుకూలం. రసాన్ని వడగట్టి పలుచగా వాడాలి. చిక్కని రసం వలన తెల్లని బట్టకు లేత పసుపు ఛాయ రావచ్చు.

వస్త్రాలపై మరకలు

1. ఒలికిన వెంటనే పొడిగుడ్డతో అద్ది తేనీటిని పీల్చివేయాలి. రుద్దరాదు.
2. బట్టను తిరగవేసి, మరక వెనుకవైపు నుండి చన్నీళ్ళు ధారగా పోయాలి. వేడినీటికి పాల మాంసకృత్తులు గడ్డకట్టి నారకు అంటుకొంటాయి.
3. కుంకుడు రసంలో అరగంట నానబెట్టి జాడించాలి.
4. రంగు మిగిలితే నిమ్మరసం గాని, నీటితో పలుచన చేసిన వినెగర్ గాని అద్ది, పది నిమిషాల తరువాత కడగాలి. చింతపండు పులుపు పాత్రలకు పనికివచ్చినా, దాని రంగు బట్టకు అంటుతుంది.
5. పాతబడిన మరకకు, తెల్లని నూలుబట్టలైతే, సోడియం పర్‌కార్బొనేటు కలిసిన గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. ఇది క్షారమే అయినా, దీనినుండి వెలువడే హైడ్రోజన్ పెరాక్సైడు రంగు అణువులను విచ్ఛిన్నం చేస్తుంది. పట్టు, ఉన్ని బట్టలకు దీనిని వాడరాదు.

మరక పూర్తిగా పోయినదని చూసుకొన్న తరువాతనే ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీ వేడికి మిగిలిన రంగు స్థిరపడుతుంది.

పాత్రలపై మరకలు

పింగాణీ కప్పులకు తడిపిన వంటసోడాను పట్టించి మెత్తని గుడ్డతో తోమితే చారికలు పోతాయి. ఇక్కడ సోడా సన్నని రాపిడి పొడిగా పనిచేస్తుంది. నున్నని పింగాణీలోకి రంగు ఇంకదు కనుక ముదిరే భయం లేదు. కఠిన జలం వాడే ఊళ్ళలో సున్నపు పొర కూడా చేరుతుంది, దానిని నిమ్మరసం కరిగిస్తుంది. అల్యూమినియం గిన్నెలను చాకలిసోడాతో తోమితే నల్లబడతాయి. వాటిలో నీరు, చింతపండు వేసి మరిగించడం మంచిది. ఫ్లాస్కులో వేడినీరు, చెంచాడు వంటసోడా పోసి, మూత బిగించకుండా రాత్రంతా ఉంచి కడగాలి.

జాగ్రత్తలు

క్లోరిన్ బ్లీచిని గాని, బ్లీచింగు పౌడరును గాని నిమ్మరసం, వినెగర్, చింతపండు వంటి పులుపు పదార్థాలతో ఎన్నడూ కలుపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులకు ప్రమాదం కలిగిస్తుంది. ఒకటి ఫలించలేదని దానిపైనే రెండవది పోయడం వలన కూడా ఈ ప్రమాదం ఏర్పడవచ్చు. ఒకటి వాడిన తరువాత బట్టను పుష్కలంగా నీటితో జాడించనిదే మరొకటి వాడరాదు. క్లోరిన్ బ్లీచి పట్టు, ఉన్ని నారలను పాడుచేస్తుంది. రంగు బట్టలపై ఏ పదార్థాన్నైనా ముందుగా లోపలి కుట్టు వద్ద పరీక్షించాలి. కుంకుడు రసం కంటిలో పడితే మంట పుడుతుంది కనుక వెంటనే మంచినీటితో కడగాలి.