రేడియో తరంగాలు - స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

రేడియో తరంగం కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. అయినను అది మానవులందరి ఉమ్మడి సంపద. ఊరి చెరువు నీటిని ఎగువ రైతు హద్దు మీరి వాడుకొన్నచో దిగువ పొలం ఎండిపోవును. అట్లే ఒక యంత్రం పరిమితిని దాటి ప్రసారం చేసినచో పొరుగు యంత్రపు సంకేతం వినబడదు. అందుచేత తరంగాలను పంచి, యంత్రాలను పరీక్షించి, ధ్రువీకరించే వ్యవస్థ అవసరమైనది. అమెరికాలో ఈ బాధ్యత 1934లో ఏర్పడిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌ది.

పూర్వం రేడియో యంత్రపు శక్తిని, పౌనఃపున్యాన్ని అందలి విడిభాగాలే నిర్ణయించేవి. ఒకసారి పరీక్షించి ముద్ర వేసినచో సరిపోయేది. నేడు ఆ పని చాలవరకు సాఫ్ట్‌వేర్ వశమైనది. సాఫ్ట్‌వేర్ మారినచో యంత్ర స్వభావమే మారవచ్చును. తాము పరీక్షించిన యంత్రమొకటి, ప్రజలు వాడుతున్న యంత్రమొకటి కావచ్చునన్నదే ధ్రువీకరణ సంస్థల భయం.

మరొక వంక ఓపెన్ సోర్స్ సమాజం ఉన్నది. ప్రోగ్రామును చదువుటకు, మార్చుటకు, తోటివారికి పంచుటకు అందరికీ హక్కు ఉండవలెనన్నది వారి సిద్ధాంతం. లింక్‌సిస్ వారి డబ్ల్యుఆర్‌టి54జి అను వైఫై రౌటరులో లైనక్స్ ఉన్నదని కొందరు కనిపెట్టగా, లైసెన్సు నిబంధన ననుసరించి 2003లో ఆ సోర్స్ కోడు వెల్లడి అయినది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి ప్రారంభమైనది. తయారీదారులు పట్టించుకొనని పాత రౌటర్లలో భద్రతా లోపాలను సరిదిద్దుటకు, ఇంటర్నెట్ జాప్యాన్ని తగ్గించే పద్ధతులను ప్రయోగించి చూచుటకు ఇది సాధనమైనది.

ఈ రెండు పక్షాలకు 5 గిగాహెర్ట్జ్ తరంగాల వద్ద ఘర్షణ ఏర్పడినది. అమెరికా విమానాశ్రయాల సమీపంలో ప్రమాదకరమైన గాలులను పసిగట్టే డాప్లర్ రాడార్లు 5600-5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఆ పరిసరాలలోనే వైఫై కూడ చోటు పంచుకొనుచున్నది. రాడార్ సంకేతం వినబడగానే వైఫై యంత్రం ఆ చానెలును విడిచిపోవలెనని నియమం. కాని ఆరుబయట అమర్చిన కొన్ని యంత్రాలలో ఈ ఏర్పాటు సరిగా పనిచేయనందున, 2009లో ప్యూర్టో రికోలోని సాన్ హువాన్ రాడారుకు అంతరాయం కలిగినది. ఇది విమాన ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన విషయం. కమిషన్ ఆందోళనను తేలికగా కొట్టివేయరాదు.

అయితే 2015 మార్చిలో వెలువడిన మార్గదర్శక పత్రం, డిడి-డబ్ల్యుఆర్‌టి వంటి బయటి సాఫ్ట్‌వేరును రౌటరులో ఎక్కించకుండ ఎట్లు అడ్డుకొందురో వివరింపుమని తయారీదారులను ప్రశ్నించినది. కాపాడవలసినది రేడియో భాగం మాత్రమే. కాని దానికి వేరుగా తాళం వేయుటకంటె యంత్రమంతటికీ తాళం వేయుట తయారీదారునకు చౌక. ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు, ఒక దోషాన్ని నివారింపబోయి విద్యార్థి ప్రయోగాలకు, భద్రతా సవరణలకు కూడ ద్వారం మూసే ప్రమాదం వచ్చినది.

ఆ సంవత్సరం అక్టోబరులో ఇంటర్నెట్ పితామహులలో ఒకరైన వింటన్ సెర్ఫ్, డేవ్ టాట్ మొదలగు రెండు వందల అరవై మంది నిపుణులు కమిషన్‌కు లేఖ వ్రాసిరి. తాళం వేయుట కాదు, కోడును అందరి పరీక్షకు తెరచి ఉంచుటయే భద్రతకు మార్గమని వారి వాదన. నవంబరులో కమిషన్ తన పత్రాన్ని సవరించి, ఓపెన్ సోర్స్‌ను నిషేధించుట తన ఉద్దేశం కాదని స్పష్టం చేసినది.

2016 ఆగస్టులో మరొక పరిణామం జరిగినది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అనుమతించిన శక్తిని మించగల రౌటర్లను అమ్మినందుకు టిపి-లింక్ సంస్థ 2,00,000 డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. అదే ఒప్పందంలో, బయటి సాఫ్ట్‌వేరుకు చోటిచ్చే మార్గాలను అన్వేషించుటకు కూడ ఒప్పుకొన్నది. లింక్‌సిస్ వారు రేడియో పరిమితుల సమాచారాన్ని వేరొక జ్ఞాపకభాగంలో భద్రపరచి, మిగిలిన యంత్రాన్ని తెరచి ఉంచగలమని అదే సంవత్సరం ప్రకటించిరి. రెండు ప్రయోజనాలను ఒకే యంత్రంలో ఇముడ్చుట సాధ్యమేనని దీనివలన తెలియుచున్నది.

తరంగం ఉమ్మడి ఆస్తి. విజ్ఞానమూ ఉమ్మడి ఆస్తియే. ఒకదానికి కాపలా కాయుటకై రెండవదానిని బంధింపరాదు. నియమం హాని కలిగించే చోటనే నిలువవలెను, నేర్చుకొనే చేతికి అడ్డు రాకూడదు. రేపటి ఇంజనీర్లు, న్యాయవాదులు, పాలనాధికారులు కాబోవు విద్యార్థులు ఈ విచక్షణను అలవరచుకొనుట ఎంతయు అవసరం.