టర్కిష్ విశేషణోపవాక్యాలు, ధాతుజ విశేషణాలు: తెలుగుతో ఒక పోలిక

1. ఉపోద్ఘాతం:
‘పుస్తకం ఇచ్చిన మనిషి’ అన్న పదబంధాన్ని విడిగా చూస్తే, ఆ మనిషి పుస్తకాన్ని ఇచ్చినవాడో పుచ్చుకున్నవాడో తేలదు. తెలుగులో ఆ నిర్ణయం సందర్భానిది. టర్కిష్‌లో ఈ రెండర్థాలకు రెండు వేర్వేరు క్రియారూపాలున్నాయి. ఆ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు ద్రావిడ భాష. టర్కిష్ తుర్కిక్ కుటుంబానికి చెందినది. అయినా రెండింటిలోనూ క్రియ సాధారణంగా వాక్యాంతంలో ఉంటుంది, విశేషణోపవాక్యం నామానికి ముందు వస్తుంది. చిన్నయసూరి ధాతుజ విశేషణమని వ్యవహరించిన ‘వచ్చిన’ వంటి రూపానికి టర్కిష్‌లో ‘గెలెన్’ దగ్గరి రూపం. ‘గెలెన్ అదమ్’ అంటే ‘వచ్చిన మనిషి’. ఇక్కడ టర్కిష్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇస్తున్నాను.

2. రెండు ప్రత్యయాలు:
విశేష్యం ఉపవాక్య క్రియకు కర్త అయితే ధాతువుకు ‘-అన్/-ఎన్’ చేరుతుంది. ‘కితాబి వెరెన్ అదమ్’ అంటే పుస్తకాన్ని ఇచ్చిన మనిషి, ఇచ్చినవాడు అతడే.

విశేష్యం కర్మగానో, సంప్రదానంగానో, అధికరణంగానో ఉంటే ‘-దిక్’ చేరుతుంది. స్వరసామ్యాన్ని బట్టి ఇందులోని అచ్చు మారుతుంది. దీనిపై కర్త పురుష వచనాలను తెలిపే స్వామ్యార్థక ప్రత్యయం వస్తుంది. ‘కితాబి వెర్దిక్లెరి అదమ్’ అంటే వారు పుస్తకాన్ని ఎవరికి ఇచ్చారో ఆ మనిషి. ‘ఒతుర్దుక్లరి ఎవ్’ అంటే వారు నివసించే ఇల్లు. ‘వెర్దీమ్ కితాప్’ నేను ఇచ్చిన పుస్తకం, ‘వెర్దీన్ కితాప్’ నువ్వు ఇచ్చిన పుస్తకం. అచ్చుల మధ్య కకారం మెత్తబడి, ముందున్న అచ్చు దీర్ఘమవడం వల్ల ఈ రూపాలు ఏర్పడ్డాయి. తెలుగులో కర్త ఎవరైనా ‘ఇచ్చిన’ మారదు.

ఉపవాక్య కర్త నామమైతే దానికి షష్ఠీ ప్రత్యయం చేరుతుంది: ‘అలినిన్ వెర్దీ కితాప్’. తెలుగులో ‘అలీ ఇచ్చిన పుస్తకం’ అని ప్రథమా విభక్తే నిలుస్తుంది.

3. కాలం:
‘వచ్చిన’, ‘వస్తున్న’ అన్న భేదం ‘గెలెన్’లో లేదు. భవిష్యత్తుకు మాత్రం ‘-అజక్/-ఎజెక్’ అనే ప్రత్యేక ప్రత్యయం ఉంది. ఇది పై రెండు సందర్భాలకూ చెల్లుతుంది: ‘గెలెజెక్ మిసాఫిర్’ (రాబోయే అతిథి), ‘వెరెజెక్లెరి కితాప్’ (వారు ఇవ్వబోయే పుస్తకం). ఇక్కడ కర్తృభేదాన్ని తెలిపేది చివరి స్వామ్యార్థక ప్రత్యయమే.

4. ఒక చిక్కు:
‘అన్నెసి గెలెన్ చొజుక్’ అంటే ‘తల్లి వచ్చిన పిల్లవాడు’. వచ్చింది తల్లి, పిల్లవాడు కాదు; అయినా ‘-ఎన్’ రూపమే వచ్చింది. విశేష్యం కర్తకు స్వామిగా ఉన్నప్పుడు కూడా ఈ రూపం చెల్లుతుంది. కనుక ‘కర్త అయితేనే’ అన్న సూత్రం చాలదు. ప్రత్యయ ఎంపికకు సంబంధించిన ఇటువంటి సమస్యలను అండర్‌హిల్ 1972లోను, హాంకమర్, నెక్ట్ 1976లోను చర్చించారు.

5. ముగింపు:
తెలుగు ధాతుజ విశేషణం కాలాన్ని సూక్ష్మంగా చెప్పి కారక సంబంధాన్ని సందర్భానికి వదులుతుంది. టర్కిష్ రూపం కర్తృసంబంధాన్ని స్పష్టం చేసి, భవిష్యత్తు మినహా కాలాన్ని సందర్భానికి వదులుతుంది. అందుచేత తెలుగు నుంచి టర్కిష్‌లోకి అనువదించేవారు ముందుగా ‘ఎవరు ఇచ్చారు?’ అని నిర్ణయించుకోవాలి. టర్కిష్ నుంచి తెలుగులోకి అనువదించేవారు ‘ఎప్పుడు?’ అని తేల్చుకోవాలి. పదక్రమంలోని పోలికను చూసి రెండు నిర్మాణాలూ ఒకటేనని భావిస్తే, ఇచ్చినవాడు పుచ్చుకున్నవాడుగా మారిపోయే ప్రమాదం ఉంది.